మాంసమునకు మారుగా గోధుమసారము

వ్రతదినములు వచ్చినప్పుడెల్ల మన యిండ్లలో ఒక చిక్కు తలయెత్తుచుండును. పెద్దలు పప్పన్నముతో తృప్తిపడుదురు. పిల్లలు మాత్రము "ఈ దినము కూడ పప్పేనా?" అని కంచము త్రోసివేయుదురు. ఒప్పందముపై తోటలకు వచ్చిన మన పూర్వులకు బియ్యము, పప్పులతోపాటు ఎండుచేపలును భత్యముగా కొలిచి యిచ్చెడివారు. తరతరములుగా నాలుక నంటిన రుచి కసరినంతమాత్రమున పోదు. దానికి మారురుచి చూపవలెను.

ఈ విషయమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రము మనకు కొంత నేర్పగలదు. అచ్చట డిట్రాయిట్ చెంత ఫార్మింగ్టన్ హిల్స్ అను పట్టణమున తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. పొరుగుననున్న నోవైలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. మన వారు అచ్చటికి చేరుటకు చాలకాలము పూర్వమే ఆ రాష్ట్రమున శాకాహార యత్నములు జరిగినవి. బాటిల్ క్రీక్ ఆరోగ్యాలయమున డాక్టరు జాన్ హార్వే కెల్లాగ్ వేరుసెనగలతోను, గోధుమసారముతోను మాంసమునకు బదులైన ఆహారములను చేయించెను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో 1836లో కట్టిన బాట్స్‌ఫోర్డ్ సత్రమును 1924లో కొనిన హెన్రీ ఫోర్డు సోయాచిక్కుడుపై మిక్కిలి మక్కువ గలవాడు. 1934లో షికాగో ప్రదర్శనమున అతిథులకు సోయా వంటకములతో విందు చేసెను. ఆయన యొద్ద సోయానూలును పరిశోధించిన రాబర్ట్ బోయర్, ఆ నూలువిద్యనే ఆహారమునకు మలచి, మాంసపు పీచును పోలిన పదార్థమునకు 1954లో పేటెంటు పొందెను. నేడు ఆంధ్రదేశమున "మీల్ మేకర్" అని పిలువబడు సోయా ఉండలు, నూనె తీసిన సోయాపిండిని వేడిమితో, ఒత్తిడితో యంత్రమునుండి వెడలించినవి.

యంత్రము లేకయే యింట చేయదగినది గోధుమసారము. నాలుగు గిన్నెల మైదాపిండిని సుమారు ఒకటిన్నర గిన్నె నీటితో గట్టిగా పిసికి, ముద్దను ఒక గంట నీటిలో మునుగనుంచవలెను. పిమ్మట నీటిలోనే పిసుకుచు, తెల్లనీరు వచ్చినకొలది మార్చుచుండవలెను. నీరు తేటపడుసరికి బంకవలె సాగు ముద్ద మిగులును. దానిని ముక్కలుగా కోసి, ఉప్పు, అల్లము, మిరియాలు వేసిన నీటిలో సన్నని సెగపై ముప్పాతిక గంట ఉడికింపవలెను. సెగ హెచ్చినచో ముక్క స్పంజివలె ఉబ్బును. పిదప నూనెలో దోరగా వేయించి మసాలా కూరలో వేయవచ్చును. వ్రతదినములందు ఉల్లి, వెల్లుల్లి విడువవచ్చును.

కడిగిన తెల్లనీటిని పారబోయరాదు. అదియే గోధుమపాలు. మన అవ్వలు హల్వాకు పాలు తీసి పిప్పిని విడిచెడివారు. ఆ పిప్పిలోనే ఈ సారముండెడిది. ఇప్పుడు రెండును దక్కును. పాలను హల్వాకో, జీలకర్ర వేసి వడియములకో వాడవచ్చును.

కొన్ని జాగ్రత్తలు చెప్పుట మా విధి. గోధుమసారమున లైసీను అను అంశము తక్కువ. పప్పున అది హెచ్చు. కావున పప్పును మానక రెంటిని కలిపి తినవలెను. సీలియాక్ వ్యాధి గలవారికి గోధుమసారము హానికరము. వారు దానిని ముట్టరాదు. సోయాగింజలను నానబెట్టి బాగుగా ఉడికించిన గాని తినరాదు. బి12 విటమిను వీనియందు స్వతహాగా లేదు. పాలు పెరుగు కూడ విడిచినవారు వైద్యుని అడిగి తీసికొనవలెను.

"మాంసమును పోలినదానిని తినుట వ్రతభంగము కాదా?" అని కొందరు పెద్దలు మమ్ము అడిగిరి. ప్రాణి చావలేదు కనుక హింసాదోషము లేదు. అయినను కోరిక మిగిలియున్నదనుట నిజమే. కావున దీనిని నైవేద్యమునకు పెట్టవలదని మా అభిప్రాయము. రుచిని జయించినవారికి ఇది అక్కరలేదు. జయింపగోరువారికి ఇది మెట్టు. మెట్టుపై నిలిచిన పిల్లవానిని "ఇంకను పైకి చేరలేదేమి?" అని గద్దించుటకంటె, వాని కంచమున వేడిగా రెండు ముక్కలు వడ్డించుట మేలు. ఆ పూటకు ఒక కోడి ప్రాణము నిలుచును. పిల్లవాడును ఆకలితో లేవడు.