కొల్లాజెన్ పొడి కండను పెంచుతుందా?

పశువుల చర్మం, ఎముకల నుండి, చేపల పొలుసుల నుండి సంగ్రహించి, ఎంజైములతో చిన్న పెప్టైడ్లుగా విడగొట్టిన కొల్లాజెన్ పొడి నేడు కండబలానికి ఔషధంవలె విక్రయించబడుతున్నది. వయసు మళ్ళిన రైతులకు, వ్యవసాయ కూలీలకు కండ తరుగుదల అంటే పనిచేసే శక్తి తరగడమే. కనుక ఈ ప్రచారాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు పరీక్షించి చూడాలి.

పొడిలో అధిక భాగం మాంసకృత్తే, సందేహం లేదు. అయితే అది ఎటువంటి మాంసకృత్తి? కొల్లాజెన్ అమైనో ఆమ్లాలలో దాదాపు మూడవ వంతు గ్లైసిన్. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ కలిసి మరొక ఐదవ వంతు. ట్రిప్టోఫాన్ బొత్తిగా లేదు. కండర మాంసకృత్తుల తయారీని ప్రేరేపించే లూసిన్ సుమారు 3 శాతమే. పాలవిరుగుడు తేట నుండి తీసే వే ప్రోటీన్‌లో అది 10 శాతం, సోయాలో 8 శాతం వరకు ఉంటుంది.

జింకు లోపించిన వరిచేనులో నత్రజని ఎంత వేసినా పైరు కోలుకోదు. లీబిగ్ కనిష్ఠ సూత్రం దేహానికీ వర్తిస్తుంది. ఈ సంగతి కొత్తదీ కాదు. ఎముకల జెలటిన్ రసాన్ని పారిస్‌లో పేదలకు, రోగులకు పోషకాహారంగా పెట్టిన రోజులలో, మజాండీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం జెలటిన్ ఒక్కటే ప్రాణాన్ని నిలపజాలదని 1841లో తేల్చింది. హాప్కిన్స్ 1901లో ట్రిప్టోఫాన్‌ను వేరుచేసిన పిదపగాని అందుకు కారణం బోధపడలేదు.

ప్రచారకులు తరచు ఉదహరించేది 2015 నాటి జర్మనీ ప్రయోగం. కండక్షీణత గల 53 మంది వృద్ధులు 12 వారాలు బరువులతో వ్యాయామం చేయగా, రోజుకు 15 గ్రాముల కొల్లాజెన్ తీసుకున్నవారిలో కొవ్వురహిత దేహభారం 4.2 కిలోలు, తీసుకోనివారిలో 2.9 కిలోలు పెరిగింది. కాని కొవ్వురహిత భారమంతా కండ కాదు. అందులో సంయోజక కణజాలం, నీరు కూడా చేరి ఉంటాయి. పైగా పోలిక మరొక మాంసకృత్తితో జరగలేదు. అటువంటి పోలిక 2020లో కెనడాలో వృద్ధ మహిళలపై జరిగినపుడు, కొద్ది రోజుల వాడకంలో కండర మాంసకృత్తుల తయారీని పెంచినది వే మాత్రమే. 2022లో బ్రెజిల్ పరిశోధకులు కొల్లాజెన్‌కు లూసిన్ కలిపి సమం చేసినప్పటికీ, 10 వారాల పిదప కండర మందం వే వాడినవారిలోనే అధికంగా పెరిగింది. ఒక్క లోపాన్ని పూడ్చితే చాలదన్నమాట!

కీళ్లకు, స్నాయుబంధనాలకు కలిగే మేలు వేరే చర్చ.

భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు కిలో దేహభారానికి రోజుకు 0.83 గ్రాములు, అనగా 60 కిలోల వ్యక్తికి 50 గ్రాములు. కందిలో లైసిన్ పుష్కలం, మిథియోనిన్ తక్కువ. బియ్యంలో ఇది తారుమారు. పప్పన్నంతోపాటు గుడ్డు, పెరుగు సూచించవచ్చు. సోయా వాడేవారు ట్రిప్సిన్ నిరోధకాలు నశించేట్లు బాగా ఉడికించాలి.