రోగి జేబు చూడని వైద్యం సాధ్యమా?

జుమా నమాజు ముగిసి, దుఆ అయిపోగానే ఒక్కోసారి వెనుక వరుసలోంచి ఒక మనిషి లేచి నిలబడతాడు. చేతిలో ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే కవరు ఉంటాయి. భార్యకు ఆపరేషన్ చేయాలన్నారు, సాయం చేయండి అంటాడు. మెట్ల దగ్గర రుమాలు పరుస్తాడు. మనం తలా పదో, ఇరవయ్యో, వందో వేసి ఇంటికి వస్తాం. ఆ ఆపరేషన్ జరిగిందో లేదో మనకు తెలియదు. మరుసటి శుక్రవారం అదే మెట్ల మీద మరొకరు నిలబడి ఉంటారు.

సదఖా ఇవ్వడం మంచిపనే. అందులో సందేహం లేదు. కానీ ఆ రోజు వాన పడి మస్జిదుకు జనం రాకపోతే ఆ ఇల్లాలి గతి ఏమిటి? నలుగురిలో చేయి చాచలేని అభిమానవంతుడి బిడ్డకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? మనిషి ప్రాణం దాతల దయ మీద, ఆనాటి అదృష్టం మీద ఆధారపడటం న్యాయమేనా? సరిగ్గా ఈ ప్రశ్నతోనే కెనడా దేశంలో ఒక పెద్ద మార్పు మొదలైంది. ఆ కథ మనం తెలుసుకోదగినది.

ఒక పిల్లవాడి కాలు

టామీ డగ్లస్ 1904లో స్కాట్లాండులో పుట్టాడు. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం కెనడాకు వలస వచ్చింది. చిన్నతనంలోనే అతని కాలి ఎముకకు చీము పట్టే జబ్బు వచ్చింది. మంచి వైద్యం చేయించే స్తోమత ఇంట్లో లేదు. కాలు తీసేయడం తప్ప మార్గం లేదనుకుంటున్న సమయంలో ఒక పేరున్న సర్జన్ ఆ పిల్లవాణ్ణి చూశాడు. తన విద్యార్థులు పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు దక్కింది.

డగ్లస్ ఆ డాక్టరు మేలు మరిచిపోలేదు. అయితే తాను ఆ డాక్టరు కంట పడ్డాడు కాబట్టి సరిపోయింది, పడని పిల్లల మాటేమిటని కూడా ఆలోచించాడు. 1944లో సస్కాచెవాన్ రాష్ట్రానికి ప్రధానిగా ఎన్నికైన తర్వాత ఆ ఆలోచనను అమలులో పెట్టాడు. 1947లో ముందుగా ఆసుపత్రి ఖర్చులకు బీమా తెచ్చాడు. డాక్టరు ఫీజులకు కూడా వర్తించే పథకం 1962 జూలై 1న మొదలైంది. అప్పటికి డగ్లస్ పదవి విడిచి జాతీయ రాజకీయాలకు వెళ్లాడు. వూడ్రో లాయిడ్ ఆ బాధ్యత మోశాడు.

ఒకే సంచి

ఈ పద్ధతిలో పెద్ద చిక్కేమీ లేదు. ప్రజలంతా ఎవరి శక్తి కొద్దీ వారు పన్ను రూపంలో ఒకే సంచిలో వేస్తారు. జబ్బు చేసిన వాడు డాక్టరు దగ్గరికి వెళ్లి కార్డు చూపిస్తాడు. బిల్లు ప్రభుత్వానికి వెళుతుంది. డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి కానక్కర్లేదు, తన క్లినిక్ తాను నడుపుకోవచ్చు. కానీ చెల్లించేది మాత్రం ఒక్కరే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు డబ్బు ఇస్తాం, మంచాన పడినప్పుడు డబ్బు మాట ఎవరూ ఎత్తరు.

దీనికి వ్యతిరేకత తక్కువేమీ కాదు. పథకం మొదలైన రోజునే సస్కాచెవాన్‌లో ఎక్కువమంది డాక్టర్లు క్లినిక్‌లు మూసేశారు. వైద్యం సర్కారు చేతుల్లోకి పోతోందని వారి భయం. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించాల్సి వచ్చింది. సమ్మె 23 రోజులు సాగి, రాజీతో ముగిసింది. పథకం నిలిచింది, డాక్టర్ల స్వేచ్ఛకూ హామీ దొరికింది. 1966లో జాతీయ చట్టం వచ్చింది. 1972 నాటికి దేశమంతా ఆ పద్ధతిలోకి వచ్చింది. పథకం కిందకు వచ్చే వైద్యానికి రోగి నుంచి అదనపు వసూళ్లను ఆపడానికి 1984లో మరో చట్టం చేశారు.

సరిహద్దుకు ఆవల

పక్కనే ఉన్న అమెరికా దారి వేరు. 1965లో వృద్ధులకు, నిరుపేదలకు ప్రభుత్వ పథకాలు వచ్చాయి. మిగిలిన వారిలో ఎక్కువమందికి ఉద్యోగంతో ముడిపడిన ప్రైవేటు బీమాయే ఆధారం. ఉద్యోగం పోతే బీమా కూడా పోయే ప్రమాదం ఉంటుంది. 2010 చట్టం తర్వాత పరిస్థితి మెరుగుపడినా, 2023లో అక్కడ సుమారు 2 కోట్ల 60 లక్షల మందికి ఏ బీమా లేదు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే మన తల్లిదండ్రులు పచ్చళ్లతో పాటు ఇన్సూరెన్సు కాగితాలు కూడా సర్దుకునేది అందుకే. అందరికీ ఒకే ప్రభుత్వ బీమా కావాలని అక్కడ చాలాకాలంగా వాదిస్తున్నారు. పన్నులు పెరుగుతాయని, ఉన్న బీమా పోతుందని, వైద్యానికి నెలల తరబడి ఎదురుచూడాలని ఎదుటివారు అంటున్నారు.

ఎదురుచూపుల మాట అబద్ధం కాదు. కెనడాలో తుంటి, మోకాలి ఆపరేషన్లకు నెలలు పడుతుంది. క్యూబెక్ రాష్ట్రానికి చెందిన ఒక కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2005లో ఈ జాప్యాన్ని తప్పుపట్టింది. ఉత్తరాన మంచు ప్రాంతాల్లో ప్రసవానికి కూడా విమానమెక్కి దూరపు ఊరికి వెళ్లాల్సిన స్త్రీలున్నారు. కార్డు ఇచ్చినంత మాత్రాన డాక్టరు గడప ముందుకు రాడు. ఇది కూడా మనం గుర్తుంచుకోవాలి.

మన ఇంటి సంగతి

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. ఆ మాట ఇంకా పూర్తిగా నెరవేరలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడికి వైద్యం ప్రైవేటు ఆసుపత్రిలో జరిగినా బిల్లు ప్రభుత్వం కడుతుంది. ఒకే సంచి పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. కానీ అది తెల్లకార్డు వారికి, ఎంపిక చేసిన పెద్ద జబ్బులకు ఉద్దేశించి మొదలైన పథకం. కార్డు లేని చిరువ్యాపారి, నెలనెలా షుగరు, బీపీ మాత్రలు కొనే ముసలి తల్లి ఆ గీతకు బయటే ఉండిపోయారు. జబ్బు ముదరకముందే చూడాల్సిన బస్తీ దవాఖానా, ఊరి ఆరోగ్య కేంద్రం బాగుంటేనే ఆపరేషన్ల అవసరం తగ్గుతుంది.

మస్జిదు మెట్ల దగ్గర రుమాలు కనిపిస్తే చేయి వెనక్కి తీయొద్దు. అయితే ఆ మనిషిని రెండు నిమిషాలు ఆపి అడుగుదాం. కార్డు ఉందా? ఆ జబ్బు పథకంలో ఉందా? దరఖాస్తు పెట్టారా? చదువుకున్న యువకుడు ఒకరు వెంట వెళ్లి ఆసుపత్రిలో మాట్లాడితే, రుమాలులో పడేదాని కంటే ఎక్కువ మేలు జరగవచ్చు. ఓటు అడగడానికి వచ్చే నాయకుణ్ణి కూడా ఒక మాట అడుగుదాం. మన బస్తీ దవాఖానాలో డాక్టరు రోజూ ఎన్ని గంటలు ఉంటున్నారు? మందులు ఏ తేదీ వరకు ఉన్నాయి?