త్యాగరాజస్వామి తాతగారెవరు?

ఇంటిపేరు విని ఊరు పోల్చుకొనడం తెలుగువారికి అలవాటు. సికింద్రాబాదు చేరువను సైనికోద్యోగుల నివాసానికై వెలసిన సైనిక్‌పురిలో నేడు చదువుకొనే బాలుని ఇంటిపేరులో, అతడు ఎన్నడూ చూడని ఏ మారుమూల గ్రామమో దాగి ఉండవచ్చును. కావేరీతీరాన పుట్టి పెరిగిన త్యాగరాజస్వామి విషయమూ ఇట్టిదే. ఆయన ఇంటిపేరు కాకర్ల. కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామంనుండి ఆయన పూర్వులు తంజావూరు సీమకు తరలిపోయినారని పెద్దల మాట. ఊరు తెలిసినది, తండ్రి పేరూ తెలిసినదే. తాతగారి దగ్గరనే వచ్చినది చిక్కు.

తంజావూరును ఏలిన మహారాష్ట్ర ప్రభువులలో శాహజీ 1684 మొదలు 1712 వరకు రాజ్యం చేసినాడు. ఆయన ఆస్థానంలో గిరిరాజకవి అనే తెలుగు కవి యక్షగానాలు రచించి పేరు గడించినాడు. ఈ కవి త్యాగరాజుకు పితామహుడని కొందరు చరిత్రకారులు, మాతామహుడని మరికొందరు వ్రాసినారు. తల్లి సీతమ్మ వీణ కాళహస్తయ్యగారి కుమార్తె అని ఇంకొక ప్రతీతి. ఒకే మనుమనికి ఇద్దరు మాతామహులు పొసగరు గదా!

గిరిరాజకవి పక్షంవారు తరచుగా చూపేది బంగాళ రాగంలోని ‘గిరిరాజసుతాతనయ’ అనే కృతి. గిరిరాజు హిమవంతుడు, ఆయన సుత పార్వతి, ఆమె తనయుడు విఘ్నేశ్వరుడు. అది గణపతి స్తుతి. అందులో తాతగారి పేరు కూడా ధ్వనిస్తున్నదని అభిమానుల ఊహ. కవి శ్లేషించి ఉండవచ్చును. కాని శ్లేష వంశవృక్షానికి సాక్ష్యం కాజాలదు. పైగా, శాహజీ పాలన ముగిసిన 55 ఏండ్లకు, 1767లో, త్యాగరాజు జన్మించినాడని ఎక్కువమంది ఒప్పుకొన్న లెక్క. తాతామనుమల నడుమ అంత ఎడం ఉండరాదని కాదు. ఆ ఎడాన్ని పూడ్చే ఆధారం కావలెను. పేరు కలిసినంతమాత్రాన వంశం కలవదు.

త్యాగరాజు తానుగా చెప్పుకొన్నది వేరు. బిలహరి రాగంలోని ‘దొరకునా’ కృతిలో తాను రామబ్రహ్మ తనయుడనని స్పష్టంగా పలికినాడు. ఇది ఊహ కాదు, స్వవాక్యం.

ఇక సంతతి మాట. ఆయన ఏకైక కుమార్తె సీతాలక్ష్మి; ఆమె కుమారుడు నిస్సంతుగా గతించినాడు. ఆ శాఖ అంతటితో ఆగినది. 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధిపొందిన ఆ మహనీయుని సమాధి కాలక్రమాన పాడుపడగా, 1920 దాటిన పిమ్మట దానిని ఉద్ధరించి ఆలయం కట్టించినది, ఏ రక్తసంబంధమూ లేని బెంగుళూరు నాగరత్నమ్మ. కృతులను వ్రాసి కాపాడినవారిలో ముఖ్యుడైన వాలాజాపేట వెంకటరమణ భాగవతులు శిష్యుడే గాని దాయాది కాడు. మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు బంధువూ శిష్యుడూ కూడా. అయితే లోకం ఆయనను స్మరించేది శిష్యుడుగానే. ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కాకర్లవారి విద్య ఈ విధంగా తిరిగి తెలుగునేల చేరినది.

ఉపాధ్యాయులు త్యాగరాజచరిత్ర బోధించేటప్పుడు తెలిసినదానిని తెలిసినదిగా, ప్రతీతిని ప్రతీతిగా విడదీసి చెప్పుట మేలు. తాతగారెవరో తేలకపోయినా ఆయన మహిమకు కొరత లేదు. గురుశిష్యుల వరుసలో మాత్రం ఆ వంశం నేటికీ వర్ధిల్లుతూనే ఉన్నది.