సొంత క్లౌడుకు తగిన అమరిక ఏది?

తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. వినేవారిని కలుపుకోకపోతే మొదటిది, కలుపుకొంటే రెండవది. క్లౌడ్ కంప్యూటింగును అర్థం చేసుకోవడానికి ఈ భేదం బాగా అక్కరకు వస్తుంది. అమెరికా ప్రామాణికాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో క్లౌడు నాలుగు విధాలు. ఎవరైనా వాడుకోదగినది పబ్లిక్ క్లౌడు. ఒకే సంస్థ కోసం నడిచేది ప్రైవేట్ క్లౌడు, అంటే 'మాది'. ఒకే అవసరమున్న కొందరు పంచుకొనేది కమ్యూనిటీ క్లౌడు, అంటే 'మనది'. వీటి కలయిక హైబ్రిడ్ క్లౌడు. ఈ వ్యాసంలో ప్రైవేట్ క్లౌడులో యంత్రాలను అమర్చే పద్ధతులను పరిశీలిస్తాం.

భాషా విద్యార్థులకు దీనితో పనేమిటన్న సందేహం రావచ్చు. హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం వంటి చోట్ల తెలుగును మాట్లాడేవారి నోటనే విని రికార్డు చేయడం మన పనిలో ప్రధాన భాగం. ఆ మాటల్లో ఇంటి గొడవలూ, పొలం తగాదాలూ దొర్లుతాయి. మనల్ని నమ్మి మాట్లాడినవారి గొంతు ఎక్కడ ఉందో, దానిని ఎవరు వింటారో చెప్పగలిగే స్థితిలో మనం ఉండాలి. కొన్నేళ్ళ క్రితం ఒక వేసవి సెలవుల్లో మా దగ్గరున్న ఒకే ఒక సర్వరులో డిస్కు చెడిపోయింది. పోయిన రికార్డింగుల్లో కొన్నింటిని మళ్ళీ చేసుకోగలిగాం. ముగ్గురు వృద్ధులవి మాత్రం చేసుకోలేకపోయాం. అప్పటికే వారు లేరు. అమరిక గురించి మా ఆలోచన అక్కడ మొదలైంది.

ఉదాహరణకు ఓపెన్‌స్టాక్‌ను తీసుకొందాం. ఇది 2010లో నాసా, ర్యాక్‌స్పేస్ కలిసి ప్రారంభించిన సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగం ఉంది. వచ్చినవారు ఎవరో గుర్తించేది కీస్టోన్. వర్చువల్ యంత్రాలను నడిపేది నోవా. వాటిని నెట్‌వర్కులో కలిపేది న్యూట్రాన్. వాటికి డిస్కులు కేటాయించేది సిండర్. పనిని బట్టి యంత్రాలు మూడు రకాలు: అజమాయిషీ చేసే కంట్రోలరు, లెక్కలు చేసే కంప్యూట్ యంత్రం, దాచిపెట్టే స్టోరేజి యంత్రం. ఏ భాగం ఏ యంత్రంలో ఉండాలన్నదే అమరిక.

మొదటి పద్ధతిలో అన్నీ ఒకే యంత్రంలో ఉంటాయి. నేర్చుకోవడానికి ఇంతకంటె సులువైనది లేదు. కాని ఆ యంత్రం ఆగితే అన్నీ ఆగుతాయి. విలువైనదేదీ ఇందులో ఉంచరాదు.

రెండవ పద్ధతిలో ఒక కంట్రోలరు, కొన్ని కంప్యూట్ యంత్రాలు ఉంటాయి. కంట్రోలరు ఆగిపోయినా అప్పటికే నడుస్తున్న వర్చువల్ యంత్రాలు నడుస్తూనే ఉంటాయి. కొత్తవాటిని మాత్రం ప్రారంభించలేం. అయితే బయటి నెట్‌వర్కుకు దారి కూడా కంట్రోలరు గుండానే పెడితే, యంత్రాలు నడుస్తున్నా వాటిని చేరుకోలేం.

మూడవ పద్ధతిలో కంట్రోలర్లు మూడు. రెండు చాలవా అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. ఇద్దరి మధ్య మాట తెగితే, అవతలివాడు పోయాడా లేక దారి మాత్రమే తెగిందా అన్నది ఇవతలివాడికి తెలియదు. ఇద్దరూ పెత్తనానికి దిగితే లెక్కలు రెండుగా చీలిపోతాయి. ముగ్గురుంటే ఇద్దరి మాట చెల్లుతుంది. అందువల్ల మూడింటిలో 1 పోయినా పని సాగుతుంది. నాలుగున్నా 1 మాత్రమే పోవచ్చు. రెండు పోవాలంటే 5 ఉండాలి. బేసి సంఖ్యలు వాడటానికి కారణం ఇదే. ఆ మూడూ ఒకే కరెంటు తీగ మీద ఉంటే మాత్రం ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం తక్కువ.

స్టోరేజిని విడిగా ఉంచాలా, కంప్యూట్ యంత్రాల్లోనే కలపాలా అన్నది తరువాతి ప్రశ్న. కలిపితే యంత్రాలు తగ్గుతాయి. కాని ఒకే యంత్రం మీద రెండు బరువులు పడతాయి. ఈ పనికి ఎక్కువగా వాడే సెఫ్ సాఫ్ట్‌వేరు మామూలుగా ప్రతిదానికి మూడు ప్రతులు ఉంచుతుంది. 3 యంత్రాల్లో ఒక్కొక్కదానికి 4 టెరాబైట్ల డిస్కులు నాలుగేసి పెడితే మొత్తం 48. చేతికి వచ్చేది 16. డిస్కులు 85 శాతం నిండితే హెచ్చరిక మొదలవుతుంది కనుక నిజంగా వాడుకోదగినది ఇంకా తక్కువ. యంత్రానికి ఒక ప్రతి చొప్పున ఉన్నప్పుడు మూడింటిలో ఒకటి పోతే మూడవ ప్రతిని పెట్టడానికి చోటుండదు. అందుచేత నాలుగవ యంత్రం ఉండటం మేలు.

ఇప్పుడు మన అవసరం ఎంతో చూద్దాం. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు, రెండు చానళ్ళు చొప్పున రికార్డు చేస్తే గంటకు సుమారు 1 గిగాబైటు అవుతుంది. వెయ్యి గంటల మాటలకు ఒక టెరాబైటు కంటె కొంచెం ఎక్కువ పడుతుంది. ఇంత చిన్న నిధికి మూడు కంట్రోలర్ల అమరిక అవసరం లేదని మా అభిప్రాయం. యంత్రాలు పెరిగిన కొద్దీ చూసుకొనే మనిషి కావాలి. సెలవుల్లో ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు లేని అమరిక ఎంత గొప్పదైనా నిలవదు. పొరుగు విభాగాలు కూడా వాడుకొంటూ, రోజంతా ఆగకుండా నడవవలసి వస్తే అప్పుడు మూడవ పద్ధతికి వెళ్ళవచ్చు.

ఒక్క విషయం మరువరాదు. మూడు ప్రతులు డిస్కు చెడిపోవడం నుంచి కాపాడతాయి. చేతి పొరపాటు నుంచి కాపాడవు. ఒకచోట చెరిపితే మూడుచోట్లా చెరిగిపోతుంది. కాబట్టి ఏ అమరిక ఎంచుకొన్నా, విడిగా తీసిన ఒక ప్రతి మరో ఊళ్ళో, మాట్లాడినవారి అనుమతితో మరో విశ్వవిద్యాలయంలో ఉండాలి. అక్కడికి చేరినప్పుడే 'మాది' అనుకొన్న నిధి 'మనది' అవుతుంది.