గంతకు తగిన బొంత

చీర చినిగినంత మాత్రాన దాని ఆయుర్దాయం తీరిపోయిందని మన పెద్దలు భావించలేదు. అది పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది, ఉయ్యాల అయ్యేది, మిగిలినది బొంతలో చేరేది. తాతగారి పంచె, మనుమరాలి పరికిణీ ఒకే బొంతలో ఇరుగుపొరుగుల వలె కలిసి వుండేవి. నేడు బజారులో రగ్గు కొనుక్కోవడం సులభం. బొంత కుట్టడం తెలిసిన ఇల్లాలిని కదిపితే, "కుట్టడానికి చోటేదండీ?" అంటుంది. తోసిపుచ్చదగిన మాట కాదది.

ఆ చిక్కు నాకూ ఎదురైంది. అమ్మ పోయిన తరువాత ఆమె చీరలు ఏడేండ్లు ఇనుపపెట్టెలోనే వుండిపోయాయి. కట్టుకోవడానికి మనసొప్పదు, ఒకరికి ఇవ్వడానికి చేతులు రావు. బొంత కుడదామంటే మాది రెండు గదుల అద్దె వాటా. వున్నవాటిలో పెద్ద గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పగలు పిల్లల చదువూ, రాత్రి అందరి పడకా అందులోనే.

ఆ రోజులలోనే అమెరికాలోని గీస్ బెండ్ గ్రామాన్ని గురించి చదివాను. అలబామా నది వంపులో, మూడు వైపులా నీరు చుట్టిన పల్లె అది. ఒకనాటి పత్తితోటల బానిసల సంతతివారు అక్కడ నివసిస్తున్నారు. చిన్న కొయ్య ఇండ్లలో, చలికి ఓర్వలేక, అక్కడి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టారు. మిస్సూరీ పెట్‌వే అనే ఆమె 1942లో, మరణించిన భర్త పొలానికి కట్టుకుపోయిన బట్టలతోనే ఒక బొంత కుట్టింది. ఆయన జ్ఞాపకాన్ని కప్పుకొని పడుకోవాలన్నది ఆమె కోరిక. ఆ వూరివారు ఓటు హక్కు కోసం నది దాటి జిల్లా కేంద్రానికి వెళ్ళసాగిన కాలంలో, 1962లో, పడవ నిలిచిపోయింది. అది తిరిగి నడిచింది 2006లో! అయినా ఆ స్త్రీల సూది మాత్రం ఆగలేదు. ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో బొంతల సహకార సంఘం నెలకొల్పుకున్నారు. 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాల గోడల మీద వారి బొంతలు చిత్రపటాల సరసన నిలిచాయి.

నన్ను ఆకర్షించింది మరొక చిన్న సంగతి. అమెరికా దక్షిణాది పల్లెల ఇరుకు ఇండ్లలో బొంత బిగించే కొయ్యచట్రాన్ని త్రాళ్ళతో ఇంటికప్పుకు వ్రేలాడదీసేవారు. పగలు దింపి కుట్టేవారు, రాత్రి పైకి లాగి దాని క్రింద పడుకునేవారు. నేల మీద లేని చోటు వారికి తల పైన దొరికింది!

నేనూ నేలను వదలి తక్కిన గదిని చూడడం మొదలుపెట్టాను. చీరలన్నీ ఉతికి ఆరవేశాను. రంగు దిగేవి, కుదించుకుపోయేవి అప్పుడే బయటపడతాయి. వెలుతురు కెదురుగా పట్టి చూచి, గట్టివి పైపొరకు, నలిగినవి లోపొరకు వేరుచేసి రెండు దిండు గలీబులలో నింపాను. రాత్రిపూట అవే దిండ్లు! ఆరు గజాల చీరను మధ్యకు మడిస్తే మూడు గజాల పొడవు, సుమారు 45 అంగుళాల వెడల్పు వస్తుంది. ఒక మనిషికి అది చాలు.

నేల మొత్తం కావలసింది ఒక్క ఆదివారపు ఉదయం మాత్రమే. పొరలు పరచి, మూలలలో పుస్తకాల బరువు పెట్టి, నడిమి నుండి అంచుల వైపుకు దూరదూరంగా తాత్కాలికపు కుట్లు వేయాలి. అంచుల నుండి మొదలుపెడితే ముడతలన్నీ నడుమ పోగవుతాయి. తరువాత రెండు ప్రక్కల నుండి చుట్టి, మధ్య మూరెడు మేర విప్పి వుంచితే, ఎంత పెద్ద బొంత అయినా ఒడిలో ఇముడుతుంది. కిటికీ ప్రక్కన ఒక పీట చాలు. పని ముగియగానే చుట్ట దండెం మీదికి, సూదులు రేకుడబ్బాలోకి. తీసినప్పుడు సూదులు ఎన్నో, పెట్టినప్పుడూ అన్నీ వుండాలి. పిల్లలు పడుకునే నేల మీద ఈ లెక్క తప్పరాదు.

అన్నీ దక్కలేదు. అమ్మ పెండ్లినాటి పట్టుచీర విప్పబోతే మడతల వెంబడి చీలిపోయింది. ఏడేండ్లు ఒకే మడతలో వున్న ఫలితం అది. చోటు లేదని నేను ఆగాను, కాలం ఆగలేదు. దాని అంచు మాత్రం కత్తిరించి బొంత చుట్టూ వేశాను. పదవ తరగతి చదివే మా అమ్మాయి ప్రక్కన చేరి, "ఇది ఏ చీరమ్మా?" అని ఒక్కొక్క ముక్కనే అడిగింది. జవాబు చెబుతూ వుండగా అమ్మ కథ సగం నడిచింది. ఆ వేసవి సెలవులు ముగిసేనాటికి ఆఖరి వరుస కుట్లు ఆ పిల్లే వేసింది.

"గంతకు తగిన బొంత" అనే సామెతను మనం ఎగతాళికి వాడుతూ వుంటాం. ఇరుకింటిలో ఆ మాటకు గౌరవమైన అర్థమే వున్నది: గదికి తగినట్లు పనిని మలచుకోవడం. ఉపాధ్యాయ మిత్రులు చేతిపనుల గంటలో పిల్లలను ఇంటి నుండి ఒక్క పాత గుడ్డ తెమ్మనండి. అది ఎవరిదో, ఎప్పటిదో కనుక్కొని రమ్మనండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఇంట్లో వుండగానే ఆ పని జరగడం మంచిది.