తాడు లాగితే ఆగే ఫ్యాక్టరీ

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీకి ఒకప్పుడు మంచి పేరు లేదు. పనికి ఎగనామం పెట్టేవాళ్లు ఎక్కువ, కార్లలో లోపాలూ ఎక్కువే. ఏం జరిగినా ఉత్పత్తి లైను ఆగకూడదన్నది అక్కడి పట్టుదల. బోల్టు సరిగా పడకపోయినా కారు ముందుకు సాగిపోయేది. మరమ్మతు సంగతి చివర్లో చూసుకునేవారు. 1982లో దానికి తాళం పడింది.

1984లో టయోటాతో కలిసి దాన్నే మళ్లీ తెరిచారు. నమ్మీ అని పేరు పెట్టారు. పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే. మారింది అజమాయిషీ పద్ధతి.

లైను పొడవునా చేతికందే ఎత్తులో ఒక తాడు ఉండేది. ఏ పని ఏ వరుసలో, ఎంతసేపట్లో చేయాలో ముందే రాసి ఉండేది. తేడా కనబడితే కార్మికుడు తాడు లాగేవాడు. బోర్డు మీద దీపం వెలిగేది, టీమ్ లీడర్ గబగబా వచ్చేవాడు. కారు ఆ పనిచోటు హద్దు గీత చేరేలోగా సర్దుకుంటే సరి, లేకుంటే లైను ఆగిపోయేది. ఆనక అసలు కారణం తవ్వేవారు. ఈ తాడు పద్ధతి మూలం కార్లలో లేదు, నేతలో ఉంది: దారం తెగగానే తనంతట తానే ఆగే మగ్గాన్ని టయోటా కార్ల సంస్థ వ్యవస్థాపకుడి తండ్రి సాకిచి టయోడా 1924 నాటికే తయారుచేశాడు.

ఈ తాడు వెనక ఉన్నవి నాలుగు: ప్రమాణం, కొలత, పోలిక, దిద్దుబాటు. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో నియంత్రణ అంటే ఇదే. చాలా ఆఫీసుల్లో మొదటి మూడూ రిపోర్టుల నిండా ఉంటాయి, నాలుగోదే కరువు.

తాళ్లు కట్టడం తేలికే. లాగినవాడి మీద విరుచుకుపడకుండా ఉండటమే మేనేజర్లకు కష్టం. జనరల్ మోటార్స్ మిగతా ఫ్యాక్టరీలకు ఈ పద్ధతి పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. 2009లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది.