వెల్లుల్లి ద్రావణం: నారుమడికి మేలు, ఎకరానికి భారం

వెల్లుల్లి పాయను చేతిలో పట్టుకుంటే అంతగా వాసన రాదు. రోట్లో వేసి ఒక్క దెబ్బ వేయండి, ఇల్లంతా ఘాటు. తెగుళ్ల మీద పనిచేసేది ఆ ఘాటే. రెబ్బలో అల్లీన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని మార్చే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. నలిగినప్పుడు రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి, బాక్టీరియాను అణచే గుణం ఉందని చూపారు. తెగుళ్లు తెచ్చే శిలీంద్రాలు చాలావాటిని కూడా ఇది ఎదగనివ్వదు.

కొందరు రెబ్బల్ని అలాగే నీళ్లలో మరిగించి కషాయమని చల్లుతుంటారు. వేడికి ఎంజైమ్ చచ్చాక అల్లిసిన్ పుట్టేదెక్కడ? పచ్చివే దంచాలి. పది లీటర్ల నీటికి 200 గ్రాములు, అంటే 2 శాతం. మెత్తగా నూరి పది నిమిషాలు వదిలేయండి. లీటరు నీళ్లలో పిసికి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, మిగతా నీళ్లు కలపండి. పిప్పి మిగిలితే నాజిల్ మూసుకుపోయి చేలో మీకే తిప్పలు. చేసిన రోజే సాయంత్రం చల్లేయాలి, నిలవ ఉంచితే బలం పోతుంది. ముందు నాలుగు మొక్కల మీద కొట్టి, ఆకు మాడలేదని చూసుకున్నాకే మిగతావాటికి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఆవాల పరిశోధన కేంద్రం వారు ఆవాలకు 1 శాతం ద్రావణంతో విత్తనశుద్ధి, ఆకుమచ్చకు పిచికారీ సూచించారు.

ఇక ఖర్చు సంగతి. ఎకరా టమాటాకు 200 లీటర్లంటే నాలుగు కిలోల వెల్లుల్లి. 2024 మొదట్లో చాలాచోట్ల కిలో 400 రూపాయలు దాటింది. ఆ ధరకు ఒక్క పిచికారీకే 1,600 అవుతుంది. మందుల కొట్లో బాకీ తగ్గుతుందనుకుంటే కిరాణా కొట్లో పెరుగుతుందన్నమాట!

అందుకే దీన్ని టమాటా, వంగ, మిరప నారుమడి వరకే ఉంచుకోండి. సెంటు మడికి పది లీటర్లు చాలు. అమ్ముడుపోని చిన్న రెబ్బలైనా పనికొస్తాయి. నారుకుళ్లుకు అసలు మందు మాత్రం ఎత్తు మడి, పల్చగా చల్లిన విత్తనం, నిలవని నీరు. ట్రైకోడెర్మా వేసిన మడికి ఇది పోయకండి, అదీ శిలీంద్రమే.

మచ్చలు తోటంతా పాకినా, వైరస్ ఆకుముడత వచ్చినా వెల్లుల్లితో రోజులు గడపొద్దు. మొక్కను వేళ్లతో సహా పీకి మండల వ్యవసాయాధికారికి చూపించండి.